యిత్రో విందు వారం

ఆ శనివారం మధ్యాహ్నం దియమాంటా పకైలా గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెట్టేసరికి, ఆమె మరిది సోవేర్ అప్పటికే ఐగుప్తు సైన్యాన్నంతా ఎర్రసముద్రంలో ముంచేసి రెండో గ్లాసు అంజూరపు సారా పోసుకుంటున్నాడు. పొద్దున ప్రార్థనా మందిరంలో చదివిన అధ్యాయం అదే. అక్కడ విన్నదంతా ఇంటికొచ్చి మళ్ళీ ఒకసారి వినిపించకపోతే ఆయనకి అన్నం సయించదు. పెళ్ళాం పోయినప్పటినుంచి ప్రతి సబ్బాతుకీ, అంటే ఏ పనీ ముట్టని శనివారానికి, అన్నగారింట్లోనే భోజనం కాబట్టి, ఆ వినిపించేదేదో ఇక్కడే వినిపిస్తాడు.

దియమాంటా గరిటెతో అడుగునుంచి తిప్పింది. నూనెలో నల్లబడేదాకా వేయించిన పాలకూర, తెల్ల చిక్కుడు గింజలు, మాంసం. నిన్న పొద్దు వాలకముందే పొయ్యిమీద పెట్టి వదిలేసిన కూర. రాత్రంతా సన్నసెగన మగ్గి ఇప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. మొదటి గరిటె ఎప్పుడూ మొగుడు హువాతికి పడేది. ఈమధ్య కోడలికి, కొడుకు గబీ పెళ్ళానికి, పడుతోంది. లెస్యాకి ఏడో నెల.

"నీళ్ళు మూసుకున్నాయి, గుర్రాలూ పోయాయి, రథాలూ పోయాయి," అన్నాడు సోవేర్ రొట్టె ముక్క తుంచుకుంటూ. "ఇప్పుడు లెస్యా వాళ్ళ వైపూ అదేగా జరుగుతోంది. అటు రష్యావాళ్ళు, ఇటు వీళ్ళు. ఇద్దరూ ఒకప్పుడు మనవాళ్ళ కొంపలు తగలబెట్టినవాళ్ళే. కొట్టుకు చావనీ వదినా, మనకేం పోయింది?"

"బాబాయ్!" అన్నాడు గబీ.

"ఏంట్రా? నేనేమన్నా అబద్ధం చెప్పానా? అమ్మాయిని అనట్లేదుగా. అమ్మాయి మనమ్మాయి. గురువారం రబ్బీల కోర్టువాళ్ళు మన యూదుమతంలో కలుపుకోవడానికి సరేనంటే పూర్తిగా మనమ్మాయే."

చెంచా పట్టుకున్న లెస్యా ముంజేతి మీద సన్నటి పసుపు వెంట్రుకలు నిలువునా లేవడం పక్కనే కూర్చున్న దియమాంటా చూసింది. ఆ ఇంట్లో చలేమీ లేదు. ఏదో ఒకటి అనాలి, మరిది నోరు మూయించాలి అనుకుంది. అనుకుని, "ఇంకొంచెం వేసుకో సోవేర్, నీకు మాంసం ముక్కలే పడలేదు," అంది. అన్న మరుక్షణం తనమీద తనకే రోత పుట్టింది.

అప్పుడు మోగింది ఫోను.

యుద్ధం మొదలైనప్పటినుంచీ లెస్యా శుక్రవారం సాయంత్రం ఫోను ఆపకుండా అలమారా మీద పెడుతుంది. పెడుతుందే గానీ శనివారం చీకటిపడేదాకా దాన్ని ముట్టదు. ఖార్కివ్‌లో ఆమె తండ్రికి ఆ సంగతి తెలుసు. శనివారాలు ఎప్పుడూ చెయ్యడు. ఇవాళ చేశాడు.

మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. గబీ సగం లేచి నిలబడిపోయాడు. సబ్బాతు నాడు ఆ ఇంట్లో ఎవరు ఫోను ముట్టినా గురువారం కోర్టులో ఆ తప్పు లెస్యా నెత్తికే చుట్టుకుంటుందని వాడి భయం. లెస్యా చెంచా కింద పెట్టింది. రెండు చేతులూ తొడల కిందకి తోసి, వాటిమీద కూర్చుంది. పెదాలు పాలిపోయాయి. హువాతి ప్లేటులో ఎముకని చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇంట్లో మాత్రం ఎటు తిప్పాలో తెలియని మనిషి.

మూడోసారి మోగింది. దియమాంటా లేచింది. ఏప్రన్‌కి చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది. వేళ్ళ తడికి అది ఒకపట్టాన ఒప్పుకోలేదు. మళ్ళీ తుడుచుకుని గీసింది. తీసుకొచ్చి కోడలి చెవికి ఆనించింది.

"మాట్లాడు," అంది.

లెస్యా మాట్లాడింది. వాళ్ళ భాషలో ఒక్కటే మాట రెండుమూడుసార్లు అంది. అది నాన్నా అనే మాటేనని ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతాది తర్వాత చెప్పింది, పక్క భవనం కూలిందట. ముసలాయన నేలమాళిగలో ఉన్నాడట, బాగానే ఉన్నాడట, ఆ మాట చెప్పడానికే చేశాడట. మాట్లాడినంతసేపూ లెస్యా చేతులు తొడల కిందనుంచి బయటికి రాలేదు. దియమాంటా చెయ్యి లాగేస్తున్నా ఫోను దించలేదు. సోవేర్ మూతి తుడుచుకునే గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, చూడకపోతే జరగనట్టే అన్నట్టు.

సోమవారం సాయంత్రం అత్తాకోడళ్ళు గురువారం విందుకి పిండివంటలు మొదలుపెట్టారు.

మోషే మామగారు యిత్రో పేరుమీద ధర్మగ్రంథం తోరాలో ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయం చదివే వారంలో, ట్యూనిస్ నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళన్నిట్లో గురువారం సాయంత్రం మగపిల్లలకి విందు. అన్నీ బుల్లిబుల్లివే ఉండాలి. బుల్లి పళ్ళేలు, బుల్లి గ్లాసులు, గోరంత కేకులు. ఇశ్రాయేలు దేశంలో ఈ నెతన్యా ఊళ్ళో వయసు మళ్ళిన ఆడవాళ్ళంతా ఈ వారం కళ్ళద్దాలు తుడుచుకుంటూ గోరంత కేకులతో కుస్తీ పడుతుంటారు. లెస్యా పని పంటి ల్యాబులో. పింగాణీ పళ్ళు చెక్కే చేతులు. బాదంపిండి ముద్ద చేతిలో పెడితే చాలు, అరచేతిలో తిప్పి, వేలి కొసతో నొక్కి, ఆకుతో సహా నారింజపండు చేసి పెడుతోంది.

"ఇదేంటి పిల్లా, ఇది తినాలా, నోట్లో కట్టించుకోవాలా?" అంది దియమాంటా.

లెస్యా నవ్వింది. "అత్తయ్యా, యిత్రో గురించి చెప్పండి. గురువారం అడుగుతారేమో. క్లాసులో మోషే మామ, మిద్యాను పూజారి అని చెప్పి వదిలేశారు."

"నన్నా అడిగేది? ప్రతి ఏడూ విందులో మీ చినమామగారు చెప్తాడు. నేను వంటింట్లో గుడ్డు పెట్టి మడిచిన బ్రిక్‌లు వేయిస్తుంటాను. నూనె చప్పుడులో సగం వినబడుతుంది, ఇంకో సగం గిన్నెలు తీసుకెళ్ళేటప్పుడు వినబడుతుంది." ముద్దని ముంజేత్తో అటు జరిపింది. "ఐగుప్తు రాజు ఫరో దగ్గర ముగ్గురు సలహాదారులుండేవారట. ఈ ఇశ్రాయేలు వాళ్ళని ఏం చేద్దాం అని అడిగాడట ఫరో. బిలాము చంపెయ్యమన్నాడు. యోబు మాట్లాడకుండా కూర్చున్నాడు. యిత్రో లేచి పారిపోయాడు. చంపమన్నవాడు కత్తికి పోయాడు. పారిపోయినవాడి మనవలు పెద్ద న్యాయసభలో కూర్చున్నారు. మాట్లాడనివాడికి, తెలుసుగా, ఒళ్ళంతా పుళ్ళు."

"మాట్లాడనందుకేనా?"

"మాట్లాడనందుకే."

ఆ మాట అన్నాక దియమాంటా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళి, చూడనక్కర్లేని పాకం చూసి వచ్చింది.

అంతలో సోవేర్ సంచీ నిండా నారింజలతో దిగాడు. కూర్చోకముందే మొదలుపెట్టాడు. "వదినా, ఆ శనివారం సంగతి ఎక్కడా ఎత్తకండి. నేను మందిరంలో ఎవరికీ చెప్పలేదు. కోర్టులో వాళ్ళు ఫోను గురించి ఎలాగూ అడగరు. అడగని దానికి మనం చెప్పడమెందుకు? ఇప్పుడు కాదన్నారంటే మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో దేవుడికే తెలియాలి. ఈలోపు కాన్పయిపోతుంది. తల్లి మనదికాకముందు పుట్టిన పిల్లాడు మనవాడు కాడు. వాడికి వేరే కోర్టు, వేరే విచారణ. వాడి బతుకంతా తిరగాలి."

"అబద్ధం చెప్పమంటావా?"

"అబద్ధమెవరు చెప్పమన్నారు? నోరు మూసుకోమన్నాను. అది వేరు, ఇది వేరు."

"యోబు కూడా అదే అనుకునుంటాడు," అంది దియమాంటా. చేతికంటిన పిండి గీకుతూ మరిది మొహంలోకి చూసింది. "మొన్న బల్ల దగ్గర నువ్వన్న మాటకి నేను నోరు మూసుకున్నాను సోవేర్. అప్పటినుంచి నాకు తిన్నది అరగట్లేదు."

"ఏమన్నాను?" అన్నాడు సోవేర్.

నాటకమేమీ కాదు. ఆయనకి నిజంగానే గుర్తులేదు. లెస్యా ఇంకో నారింజకి ఆకు పెడుతూ తలెత్తలేదు. దియమాంటాకి అతనిమీద కోపం రావలసిన చోట నీరసం వచ్చింది.

రాత్రికి గబీ కూడా అదే పాట పాడాడు. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, అడిగినదానికే జవాబు చెప్పు." సరే అంది. లెస్యా కూడా తలూపింది. హువాతిని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

గురువారం పొద్దున కోర్టు వసారాలో బెంచీ మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. లెస్యా తలగుడ్డ మాటిమాటికీ సర్దుకుంటోంది. గబీ తన బూటు లేసు విప్పి కట్టి విప్పి కడుతున్నాడు. పిలుపొచ్చింది. హువాతి బయటే ఉండిపోయాడు.

లోపల బల్ల వెనక ముగ్గురు. మధ్యలో దగ్గుతూ, మెడకి మఫ్లరు చుట్టుకున్న ముసలి రబ్బీ. కుడివైపు తలెత్తకుండా రాసుకునే ఆయన. ఎడమవైపు గడ్డం ఇంకా నల్లగా ఉన్న పడుచు రబ్బీ. ప్రశ్నలన్నీ ఆయనవే.

ఆపిల్ తినేముందు ఏ ఆశీర్వచనం? రొట్టెకి ఏది? మాంసం తిన్నాక పాలకి ఎంతసేపు ఆగాలి? లెస్యా ఒక్కోదానికీ తడుముకోకుండా చెప్పింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చేస్తున్నా వాటిలో ఒకటి రెండు తనని అడిగితే తప్పేదాన్నేమో అనుకుని దియమాంటా లోలోపల సిగ్గుపడింది.

"సబ్బాతు పాటిస్తున్నావా?"

"పాటిస్తున్నానండీ."

"ఎప్పుడైనా భంగమైందా?"

గబీ కార్పెట్టు చూస్తున్నాడు. దియమాంటా చేతిసంచీ పిడి బిగించి పట్టుకుంది. కాలేదు అని ఒక్క మాట. అంటుందిలే, తలూపిందిగా అనుకుంది.

"అయిందండీ," అంది లెస్యా. "పోయిన శనివారం. ఫోనులో మా నాన్నతో మాట్లాడాను."

గబీ కళ్ళు మూసుకున్నాడు. రాసుకునే ఆయన తలెత్తాడు.

"ఫోను నువ్వే ఎత్తావా?" అన్నాడు పడుచు రబ్బీ.

లెస్యా జవాబు చెప్పలేదు. అత్తగారి వైపు చూడనైనా చూడలేదు. ఈ పిల్ల నన్ను కాపాడుతోంది, అనుకుంది దియమాంటా. పరీక్ష తనది, బిడ్డ తనది, మునిగేది తను, కాపాడేది నన్ను.

"ఆమె ఎత్తలేదండీ! నేనెత్తాను. ఈ చేత్తోనే ఎత్తాను. మూడుసార్లు మోగింది. చేతులు తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది గానీ ముట్టలేదు. వాళ్ళ నాన్న ఉన్నాడో పోయాడో తెలియదు, అయినా ముట్టలేదు. నేనైతే మొదటిసారి మోగినప్పుడే ఎత్తేదాన్ని. తుడుచుకుని, తీసి, చెవికి పెట్టి మాట్లాడమన్నాను. రాసుకోండి. దియమాంటా అని రాసుకోండి."

ముసలి రబ్బీ మఫ్లరు సర్దుకున్నాడు. "కడుపుతో ఉన్న పిల్ల కంగారు తీర్చడానికి ఏం చెయ్యొచ్చో ఏం చెయ్యకూడదో, ఆ సంగతి నాకు వదిలెయ్యమ్మా," అన్నాడు నెమ్మదిగా. "దానికి ఆమెని తప్పుపట్టేది లేదు."

దియమాంటాకి ఊపిరి వచ్చింది. కానీ పడుచు రబ్బీ ముందుకు వంగాడు.

"ఫోను సంగతి అలా ఉంచండి. నేనడిగేది ఇంకోటి. అమ్మా, మన మతంలో కలిసినవాళ్ళు అప్పుడే పుట్టిన బిడ్డతో సమానం. వెనకటి చుట్టరికాలు లెక్కలోకి రావు. అంటే ధర్మం ప్రకారం ఆయన ఇక నీ తండ్రి కాడు. తెలుసా?"

"తెలుసండీ," అంది లెస్యా. తలగుడ్డ సర్దుకుని, "కానీ ఆయనకి తెలియదు," అంది.

ముసలాయన దగ్గాడు. అది దగ్గో కాదో తెలియలేదు.

"చూశారా," అన్నాడు పడుచు రబ్బీ. గొంతులో కాఠిన్యం లేదు, దిగులుంది. అదే ఎక్కువ భయపెట్టింది దియమాంటాని. "మనసింకా అక్కడే ఉంది. ఆ జనం కోసం కన్నీళ్ళు పెట్టుకుంటోంది. తొందరపడుతున్నామేమో. కొన్నాళ్ళు ఆగితే..."

"కొన్నాళ్ళంటే?" దియమాంటా లేచి నిలబడింది. "లోపలున్నవాడు ఆగుతాడా? ఏడిస్తే ఏమైందండీ? ఈ వారం మీరు చదివేది ఎవరి అధ్యాయం? యిత్రోది కాదూ? ఐగుప్తువాళ్ళు మునిగిపోయారని వినగానే యిత్రో ఏడ్చాడు. బల్లమీద తల పెట్టుకుని భోరున ఏడ్చాడు. మోషే వెళ్ళిపొమ్మన్నాడా? మనసింకా అక్కడే ఉంది, కొన్నాళ్ళు ఆగి రమ్మన్నాడా? పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టాడు!"

"ఏడవలేదమ్మా," అన్నాడు పడుచు రబ్బీ వెంటనే. తప్పు చెవిన పడితే దిద్దకుండా ఉండలేని మనిషి. "బల్లా లేదు, భోరునా లేదు. మీరు ఎక్కడో పొరపాటుగా విన్నారు. యిత్రో సంతోషించాడు. కానీ లోపల ఒళ్ళు జలదరించింది, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మన పెద్దలు చెప్పింది అది. ఒకప్పుడు తను తిరిగిన కొలువు, తను ఎరిగిన జనం. ఎంత దూరం వచ్చేసినా వాళ్ళ చావు వింటే ఒళ్ళు ఊరుకోదు. అందుకే అన్నారు, మనలో కలిసినవాడి ఎదుట పది తరాల దాకా వాడి వెనకటి జనాన్ని..."

ఆగిపోయాడు.

దియమాంటాకి శనివారం నాటి లెస్యా ముంజెయ్యి కళ్ళముందు కనబడింది, పసుపు వెంట్రుకలూ, చల్లారుతున్న కూరా. అదా అది, అనుకుంది. ఏడుపు కాదు, ఇదా.

"పూర్తి చెయ్యి," అన్నాడు ముసలి రబ్బీ.

పడుచు రబ్బీ చెవులు ఎర్రబడ్డాయి. "వాడి వెనకటి జనాన్ని చులకన చేసి మాట్లాడకూడదు," అన్నాడు.

"ఒళ్ళు జలదరించినవాడి పేరుమీదే పది ఆజ్ఞల అధ్యాయం పెట్టారు. జలదరించనివాడి పేరు వెతుక్కోలేదు." ముసలాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చక్కగా చెప్పావు నాయనా. అరగంట ముందే చెప్పుంటే అందరం ఈపాటికి ఇళ్ళకి పోయేవాళ్ళం."

పడుచు రబ్బీ ముందున్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్ళు వంచి, బల్లకి అడ్డంగా చెయ్యి చాపి, లెస్యా ముందు తనే పెట్టాడు.

"మీ నాన్నగారి పేరేంటమ్మా?" అన్నాడు.

"ఒస్తాప్."

"ఇప్పుడెలా ఉన్నారు?"

లెస్యా చెప్పబోయింది. నీళ్ళు తాగింది, మళ్ళీ ప్రయత్నించింది. "బాగున్నారండీ. పిల్లిని కూడా కిందకి తీసుకెళ్ళారట."

"దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు పడుచు రబ్బీ. రాసుకునే ఆయన అప్పటికే సంతకాలకి కాగితం తిప్పాడు. సోమవారం స్నానవాటికలో మునక వేసి వస్తే అంతా పూర్తయినట్టే.

వసారాలోకి వచ్చాక దియమాంటా బెంచీ మీద చతికిలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. హువాతికి ఏమైందో తెలియక, ముందు భయపడి, తర్వాత గబీ మొహం చూసి అర్థమై, పెళ్ళాం చేతిసంచీ తీసుకుని గుండెలకి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ మనిషి అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ చెయ్యలేదు, దియమాంటాకి ఆ క్షణంలో అంతకన్నా అక్కర్లేదు.

సాయంత్రం దియమాంటా కూతురి కొడుకులిద్దరూ కొవ్వొత్తుల మధ్య బుల్లి పళ్ళేలు ముందేసుకుని కూర్చున్నారు. సోవేర్ కోటు వేసుకుని, గొంతు సవరించుకుని యిత్రో కథ మొదలుపెట్టబోయాడు.

"ఆగు," అంది దియమాంటా. ఏప్రన్ విప్పి హువాతి మెడలో వేసింది. "బ్రిక్‌లు నువ్వు వేయించు. ఈ ఏడు నేను కూర్చుని వింటాను. ఏడవలేదంట, ఇన్నేళ్ళూ తప్పు విన్నాను."

హువాతి ఏప్రన్‌ని, పెళ్ళాన్ని మార్చి మార్చి చూసి వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి అక్కడినుంచి నూనె చప్పుడూ, ఒక తిట్టూ వినబడ్డాయి.

సోవేర్ కథ చెప్పాడు. ముగ్గురు సలహాదారులూ అయ్యారు, బావి దగ్గర మోషే అయ్యాడు. ఒళ్ళు జలదరించిన చోటికి వచ్చేసరికి ఎందుకో వేగం తగ్గింది. పదితరాల మాట చెప్పకుండానే దాటబోయి, వదినగారి చూపు తగిలి, వెనక్కొచ్చి చెప్పాడు. చెప్పి, గ్లాసు చేతిలో తిప్పుతూ, "లెస్యా," అన్నాడు, "మీ నాన్న ఉండేచోట కరెంటు వచ్చిందా అమ్మా?"

"వస్తోంది, పోతోంది చినమామయ్యా."

"ఇంత చలిలోనా!" అన్నాడు సోవేర్. "ఇంత చలిలో," అని మళ్ళీ అదే అన్నాడు.

దియమాంటా లేచి వండిన పావురాల పళ్ళెం తెచ్చింది. ఆ విందులో మగపిల్లలకి తలా ఒక పావురం. పెద్దవాడి ముందు ఒకటి పెట్టింది. చిన్నవాడి ముందు ఒకటి పెట్టింది. మూడోది తీసుకెళ్ళి లెస్యా ముందు పెట్టింది.

"వదినా," అన్నాడు సోవేర్, "పావురాలు మగపిల్లలకే కదా."

"మగపిల్లాడికే పెట్టాను. వాడికింకా పళ్ళు రాలేదు. వాళ్ళమ్మ నమిలి పంపిస్తుంది."

గబీ పగలబడి నవ్వాడు. పిల్లలిద్దరూ బల్ల కిందనుంచి లెస్యా పొట్టని తొంగి చూసి, వాడు ఎటునుంచి తింటాడని అడిగారు. లెస్యా కళ్ళు తుడుచుకుని, రెక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. మూడేళ్ళుగా అత్తగారు ఏం పెట్టినా "చాలా బాగుంది" అని తప్ప ఇంకో మాట ఎరగని పిల్ల.

"ఉప్పు తక్కువైంది అత్తయ్యా," అంది.

బల్ల చుట్టూ అందరూ దియమాంటా వైపు చూశారు. ఆమె వంటకి వంక పెట్టి ఆ ఇంట్లో క్షేమంగా లేచినవాళ్ళు లేరు. దియమాంటా కుర్చీలో హాయిగా వెనక్కి వాలింది.

"తక్కువైతే లేచి వెళ్ళి తెచ్చుకో," అంది. "వంటిల్లు ఎక్కడుందో నేను చూపించాలా?"